చెరువు కట్ట – ఊరి కట్టడి



నేడు నేను చెప్పబూనినది మన చెరువుల చరిత్ర. ఏ రాజు ఎన్ని చెరువులు కట్టించెను, ఏ చెరువు ఎంత పెద్దది అని పట్టిక చదువుట నా ఉద్దేశము కాదు. చెరువును ఎచ్చట, ఎట్లు కట్టవలెను? కట్టిన పిదప ఏటేట దానిని ఎవరు కాపాడవలెను? చెడిపోయిన నాడు ఎవరి ఖర్చుతో మరల నిలబెట్టవలెను? ఈ మూడు ప్రశ్నలకు మన పూర్వులు ఏర్పరచుకొన్న కట్టడి యేమి, అది ఎట్లు నడచినది, ఎచ్చట సడలినది అను సంగతిని యథాశక్తి విన్నవించెదను.

ఈ ప్రశ్నలను నాకు మొదట నేర్పినది పుస్తకము కాదు, మా ఊరి చెరువు. మాది రాయలసీమలో ఒక చిన్న గ్రామము. చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోవుటకై కట్ట చివర రాతితో కట్టిన దానిని మీలో అనేకులు అలుగు అందురు. నెల్లూరు వైపువారు కలుజు అందురు. మా సీమలో మరవ అందుము. నాకు పదేండ్లప్పుడు, అనగా సుమారు అరువది యేండ్ల క్రిందట, మా ఆయకట్టు రైతులు ఆ మరవపై రెండు వరుసల రాళ్లు పేర్చి, మట్టిగడ్డలతో సందులు పూడ్చిరి. రెండడుగుల నీరు అదనముగా నిలిచినచో రెండవ పంటకు కూడ తడి దొరకునని వారి ఆశ. ఊరిలో పెద్దరైతైన మా తాతగారు అందుకు సమ్మతించిరి. నీరుగంటి మాత్రము సమ్మతింపలేదు. చెరువు తూము తీయుట, మూయుట, మడి మడికి నీరు పంచుట అతని వంతు. అతడు మా అరుగు దగ్గరకు వచ్చి, చేతులు కట్టుకొని నిలబడి, "సామీ, మరవ మీద రాళ్లు తీయించండి. కట్ట ఎత్తు పెరగలేదు, నీళ్ల ఎత్తు మాత్రం పెంచినాము" అని చెప్పెను. ఒక నెల గడచిన తరువాత మరల వచ్చి అదే మాట చెప్పెను. తాతగారు, "వానలు తగ్గినాక చూద్దాం లేరా" అని పంపివేసిరి.

ఆ కార్తికమున తుపాను వాన మూడు దినములు విడువక కురిసెను. మూడవ రాత్రి, మరవ మీదుగా పోవలసిన నీరు కట్ట మీదుగా పోయెను. మట్టికట్ట మీద జానెడు నీరు పొర్లినను చాలును. దిగువ వాలు మట్టి కోసుకొనిపోయి, కొద్దిసేపటిలోనే గండి పడును. తెల్లవారునప్పటికి చెరువు ఖాళీ యయ్యెను. దిగువ మళ్ల మీద మోకాటిలోతు ఇసుక మేట వేసెను. పైరు పోయెను, పశువులు పోయెను, కట్ట క్రిందనున్న గుడిసెలు పోయెను. ఆ గుడిసెలలో నీరుగంటి యిల్లు కూడ ఒకటి. మనుష్యులందరును ప్రాణములతో బయటపడిరన్నచో అతడే కారణము. ఏలయన, ఆ రాత్రి కట్ట మీద కాపున్నవాడు అతడొక్కడే. కట్ట మీదినుండి పరుగెత్తి వచ్చి ఇల్లిల్లు లేపెను. ఆ గండి మరల పూడ్చుటకు మాకు మూడేండ్లు పట్టెను.

గండి దగ్గర కూడిన జనము ముసలమ్మ కథను తలచుకొనిరి. అనంతపురపు సీమలో ఈ కథ యెరుగనివారు అరుదు. బుక్కరాయసముద్రము చెరువు తెగబోవుచుండగా, బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ బలియైనచో కట్ట నిలుచునని ఒక వాక్కు వినబడెననియు, ఆమె ఊరి మేలుకొరకు తానే గండిలోనికి నడిచిపోయెననియు ఐతిహ్యము. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థి దశలోనే ఈ కథను 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా రచించిరి. మా గండి దగ్గర నిలిచిన వారిలో ఒకరు, "ఆ కాలంలో ముసలమ్మ ఉండింది, ఇప్పుడెవరున్నారు?" అనిరి. అందుకు మా తాతగారు తలవంచుకొని, "ముసలమ్మ అక్కర రాకుండా చూసుకోవడం మన పని. అది మనం చేయలేదు" అనిరి. ఆ మాట నాకు నేటికిని జ్ఞాపకమున్నది. నా ప్రసంగమునకు అదియే మూలము.

గండికి బలి యిచ్చుట కేవలము కథలలోని మాట కాదు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పాయస్ అను పోర్చుగీసు యాత్రికుడు, శ్రీకృష్ణదేవరాయలు కట్టించుచుండిన ఒక పెద్ద చెరువును గురించి వ్రాసియుంచెను. పదునైదు ఇరువది వేలమంది అచ్చట పనిచేయుచుండిరనియు, కట్ట రెండు మూడు మారులు తెగిపోయెననియు, బలి కావలెనని చెప్పగా అరువదిమంది మనుష్యులను, కొన్ని గుఱ్ఱములను, దున్నలను బలియిచ్చిరనియు అతని వ్రాత. అంతటి సామ్రాజ్యమున, అంతటి ధనబలము, జనబలము గలచోట కూడ, కట్ట మాటిమాటికి తెగునప్పుడు మనుష్యునకు దిక్కుతోచక బలియే కనబడెను.

కాని అదే విజయనగర రాజ్యమున, దానికి నూటయేబది యేండ్లకు పూర్వమే, మరియొక మార్గము రాతిపై చెక్కబడి యున్నది. కడప సీమలో పోరుమామిళ్ల యను గ్రామము కలదు. అచ్చటి భైరవాలయము ముందర రెండు శిలాఫలకములున్నవి. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరియొక పేరు గలవాడు, ఉదయగిరి రాజ్యమును ఏలుచు, శాలివాహన శకము 1291లో, అనగా క్రీ.శ. 1369లో, అచ్చటి చెరువును కట్టించి, అనంతరాజసాగరమని పేరిడి, ఈ సంస్కృత శాసనమును వేయించెను. వేయిమంది కూలివాండ్రు పనిచేసిరనియు, రాయి తోలుటకు నూరు బండ్లు నడిచెననియు, రెండేండ్లకు పని ముగిసెననియు అందు వ్రాయబడినది. ఇట్టి వివరములు ఇతర శాసనములందును దొరకవచ్చును. దీని విశేషము వేరు. మంచి చెరువునకు ఏమేమి యుండవలెనో పండ్రెండు అంగములుగను, ఏమేమి యుండరాదో ఆరు దోషములుగను ఇందు విభజించి చెప్పబడినది.

ఆ పండ్రెండును సంగ్రహముగ వినుడు. ధర్మపరుడును ధనవంతుడును కీర్తికాముడును అగు రాజు ఉండవలెను. జలశాస్త్రము నెరిగిన పండితుడు ఉండవలెను. నేల గట్టి బంకమట్టిదై యుండవలెను. మూడు యోజనముల దూరము నుండి పారివచ్చు తియ్యని నీటి యేరు ఉండవలెను. చెరువును తాకుచు కొండ యుండవలెను. ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు కాని, గట్టిదైన రాతికట్ట యుండవలెను. కట్ట రెండు కొనలును పంటభూమికి పెడగా తిరిగియుండవలెను. చెరువు గర్భము విశాలముగను లోతుగను ఉండవలెను. తిన్నని, పొడవైన రాళ్లు దొరకు గని దగ్గర నుండవలెను. చుట్టును ఫలవంతమై చదునైన పొలము లుండవలెను. కొండ పట్టున ఉధృతముగ నీరు వెడలు తూములుండవలెను. తుదకు, కట్టుటలో నేర్పరులైన పనివారి గుంపు ఉండవలెను.

ఇక ఆరు దోషములు. కట్ట నుండి నీరు చెమ్మగిలి కారుట ఒకటి. నేల చవుడుగ నుండుట రెండు. ఇద్దరు రాజుల పొలిమేర మీద చెరువుండుట మూడు. చెరువు నడుమ నేల తాబేటి వీపువలె ఉబ్బియుండుట నాలుగు. నీరు కొంచెమై సాగు చేయవలసిన భూమి హెచ్చగుట అయిదు. నీరు హెచ్చై భూమి కొంచెమగుట ఆరు.

పెద్దలారా, మీలో చెరువు క్రింద సేద్యము చేసినవారెల్లరు ఈ ఆరింటిని ఎరుగుదురు. కట్ట చెమ్మగిలుట మొదటి దోషముగ చెప్పుట యాదృచ్ఛికము కాదేమో. తూము ప్రక్కనో, ఎలుక బొరియ వెంటనో, చచ్చిన చెట్టు వేరు కుళ్లిన సందునో నీరు సన్నగ కారును. ఆ నీరు తేటగ నున్నంతవరకు కొంత నిబ్బరము. అది బురదగ మారినదా, లోపల కట్ట మట్టి కరగిపోవుచున్నదన్నమాట. మూడవ దోషమును గూడ గమనింపుడు. పొలిమేర మీది చెరువున నేల చెడ్డది కాదు, నీరు చెడ్డది కాదు; అయినను అది దోషమే. ఏలయన, నీరు ఎవరిదన్న తగవునకును, మరమ్మతు ఎవరిదన్న తగవునకును తీర్పరి యుండడు. మట్టి రాయి ఎంత ముఖ్యమో, అధికారము స్పష్టముగ నుండుట అంత ముఖ్యమని ఆ శాసనకర్త ఎరుగును. మరియు పండ్రెండు అంగములు రాజుతో మొదలై పనివారితో ముగియుట కూడ చూడుడు. ధనమొకటి యున్న చాలదు. విద్యయొకటి యున్న చాలదు. చేతి నేర్పు గలవారు లేనిదే చెరువు లేదు.

ఈ శాసనపు విభాగము ముఖ్యముగ మన మొదటి ప్రశ్నకు, అనగా ఎచ్చట, ఎట్లు కట్టవలెనను ప్రశ్నకు, జవాబు. రెండవ ప్రశ్నకు, అనగా ఏటేట ఎవరు కాపాడవలెనను దానికి, మన దేశమున పుట్టిన జవాబులలో ప్రసిద్ధమైనది దశబంధము. కడప, చిత్తూరు, అనంతపురము సీమలలో ఈ పేరు నేటికిని పాత దస్తావేజులలో కనబడును. చెరువును కట్టినవానికి గాని, బాగుచేసినవానికి గాని దాని క్రింది భూమిలో కొంత, లేదా ఫలములో ఒక భాగము, ఇనాముగ ఇచ్చుచుండిరి. ఆ ఇనాము ఊరక ఇచ్చినది కాదు. చెరువు బాగున్నంతకాలము ఇనాము నిలుచును. అతడును అతని సంతతియు చెరువును బాగుగ ఉంచవలెను. కట్టుటకు ప్రతిఫలము కాపాడుటతో ముడివడి యుండెను. దేవాలయములును ఇట్టి పనియే చేసినవి. తిరుమల దేవాలయమునకు భక్తులొసగిన ధనమును, విజయనగర కాలమున, దేవాలయపు మాన్యగ్రామములలో కాలువలు, చెరువులు బాగుచేయుటకు వినియోగించి, దానివలన పెరిగిన పంటతో దాతల పేర నైవేద్యములు నడపిరి. ఇంతేకాక, తటాకమును సప్తసంతానములలో ఒకటిగ మనవారు ఎంచిరి.

అయితే ఊరి చెరువు ఒక్క ఊరిది మాత్రమే అని తలచుట పొరపాటు. తెలంగాణమున కాకతీయుల నాటి చెరువులు దీనిని మనకు చక్కగ బోధించును. గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు రాజ్యమేలెను. అతని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో ఆలయమును, దాని చేరువ నేడు రామప్ప చెరువని మనము పిలుచు చెరువును నిర్మించెను. పాకాల, లక్నవరము చెరువులును కాకతీయ కాలపువే. ఈ పెద్దవానితోపాటు తెలుగునేల వాలుననుసరించి గొలుసుకట్టు చెరువులు వెలసినవి. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువునకు చేరును. దాని అలుగు పారిన నీరు ఆ క్రిందిదానికి చేరును. చుక్క నీరు వృథా కానీయని గొప్ప యేర్పాటు ఇది. కాని గొలుసులో ఒక కడియము తెగినచో ఆ బరువంతయు తరువాతి దాని మీద పడును. మీ చెరువు కట్ట బలము మీ ఊరివారి జాగ్రత్త మీదనే కాక, ఎగువ ఊరివారి జాగ్రత్త మీద కూడ ఆధారపడియుండును.

ఇది ఎంత నిజమో 1908లో హైదరాబాదు చూచినది. ఆ యేడు సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి నగరమును ముంచెను. వేలకొలది జనము మరణించిరి. మరుసటి యేడు నిజాము ప్రభుత్వము ఆహ్వానింపగా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి కారణములను పరిశీలించిరి. నగరమునకు ఎగువ నదీ పరీవాహమున 788 చెరువులుండగా, వానిలో 221 తెగిపోయినట్లు వారు లెక్క తేల్చిరి. వాన అసాధారణమైనదే. కాని తెగిన చెరువుల నీరు ఆ వాననీటికి తోడయ్యెను. ఏ చెరువునకు ఆ చెరువు చిన్నదే. అన్నియు కలిసి మహానగరమును ముంచినవానిలో భాగమయ్యెను. వారి సలహా ననుసరించి నగరమునకు ఎగువ రెండు పెద్ద జలాశయములు నిర్మింపబడినవి: ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. ఊరి కట్టడితోపాటు, నదీ పరీవాహమంతటిని ఒక్కటిగ చూచు కట్టడియు కావలెనని ఆ వరద నేర్పినది.

ఇక చట్టముల కాలమునకు వత్తము. కుంఫిణీ పాలన వచ్చిన పిదప మదరాసు రాజధానిలో చెరువుల మరమ్మతు రెండు భాగములయ్యెను. రాతిపని, పెద్దపని సర్కారుది. కట్ట మీది కోతలు పూడ్చుట, ముండ్లపొదలు నరుకుట, కాలువలలో పూడిక తీయుట వంటి చిల్లరపని రైతులది. దీనినే కుడిమరామత్తు అనిరి. ఇది పూర్వాచారమే. 1858లో చేసిన మొదటి చట్టము దీనికి శాసనబలమిచ్చెను. కట్ట తెగబోవు ఆపద వచ్చినప్పుడు గ్రామాధికారి పిలిచినచో పనికి రావలెననియు, ఆచారము ప్రకారము చేయవలసిన పని చేయనివాడు ఆ పని విలువకు రెండింతలు చెల్లింపవలెననియు అందు విధింపబడెను.

చట్టము చూచుటకు గట్టిదే. అయినను కుడిమరామత్తు నానాటికి సన్నగిల్లెను. ఎందువలన? నాకు తోచిన కారణములు మనవి చేసెదను. పూర్వము ఊరి ఫలములో కొంత భాగము ఊరిలోనే చెరువుకొరకు నిలిచియుండెడిది. శిస్తు సర్కారు ఖజానాకు చేరసాగిన పిదప, చెరువు సర్కారుది, శిస్తు సర్కారునకు కట్టితిమి గాన మరమ్మతు కూడ సర్కారుదే అను తలపు రైతుకు కలిగెను. సర్కారు, ఆచారము మీది గాన మీరే చేయుడనెను. ఒకరి చేతికి డబ్బు, మరియొకరి తలకు బాధ్యత వచ్చినచో ఆ పని నడువదు. ఇంకొక కారణము చెప్పుటకు కొంచెము కష్టముగ నున్నను చెప్పక తప్పదు. ఆపదవేళ కట్ట మీదికి పిలువవలసినవారు కూలి చేయు తరగతులలోని దృఢకాయులని ఆ చట్టము పేర్కొనెను. నీరు పారు మడి ఎవరిదో వారు గాక, మడి లేనివాడు నడిరాత్రి వానలో గంప మోయవలెను. మా ఊరి నీరుగంటికి ఆయకట్టులో ఎకరము లేదు. కాపలా అతనిది, పంట మాది. అతని మాట వినకపోవుటకు కూడ అదియే కారణము కాదా యని నేను పలుమారులు తలపోసితిని.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన ధాత కరువు తరువాత దొరతనమువారి కన్నులు తెరచుకొనెను. 1883లో మదరాసు రాజధానిలో చెరువుల పునరుద్ధరణ పథకము ఆరంభమయ్యెను. ఒక్కొక్క నదీ పరీవాహమును తీసికొని, అందలి చెరువులన్నియు కొలిచి, ప్రతి చెరువునకు కట్ట ఎత్తెంత, అలుగు పొడవెంత, నిండు నీటిమట్టమెంత, ఆయకట్టెంత అని వ్రాసి, ఆ ప్రమాణమునకు చెరువును తీసికొనివచ్చుట ఆ పథకపు పద్ధతి. ఇది మిక్కిలి మంచి పని. కొలత వ్రాసియున్ననే గదా, అలుగు మీద రాళ్లు పెట్టినవానిని ఇది తప్పని చెప్పగలుగుట! అయితే అందును ఒక లోపము మిగిలెను. ఒకమారు బాగుచేసిన చెరువును ఆ తరువాత ఏటేట ఎవరు కాపాడవలెనను ప్రశ్న మరల కుడిమరామత్తు మీదనే పడెను. అది అప్పటికే సడలియుండెను. మన మూడు ప్రశ్నలలో మొదటిదానికిని మూడవదానికిని జవాబు దొరకినను, నడిమిది తేలనిచో పునరుద్ధరించిన చెరువు మరల పూడును.

స్వరాజ్యము వచ్చిన పిదప మార్పులు వేగముగ వచ్చినవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో మదరాసు రాజధానిలోని జమీందారీ చెరువులు ప్రభుత్వపరమయ్యెను. కాలక్రమమున ఆంధ్రప్రదేశములో 40 హెక్టార్లకు లోబడిన ఆయకట్టు గల చెరువులు పంచాయతీ సంస్థల క్రిందికి వచ్చినవి. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయినవి. ఆ పదవులలోని దోషములు మీరెరుగనివి కావు. కాని వానితోపాటు, ఏ తూము ఎప్పుడు తీయవలెను, ఏ వాగు ఏ చెరువునకు చేరవలెను అను జ్ఞాపకము కూడ చాల ఊళ్లలో చెదరినది. అంతలో బోరుబావులు వచ్చినవి. సొంత నీరు గలవాడు ఉమ్మడి నీటి సంగతి మరచెను. ఆ బోరులో ఊరు నీటిలో కొంత చెరువు నుండి దిగినదే అను మాట, చెరువు ఎండి, బోరు కూడ ఎండిన నాడు గాని చాలమందికి తెలియలేదు.

1997లో ఆంధ్రప్రదేశ శాసనసభ, సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకే అప్పగించుచు ఒక చట్టము చేసెను. దాని ప్రకారము నీటి వినియోగదారుల సంఘములు ఎన్నికైనవి. ఆయకట్టుదారుల జాబితా ఉంచుట, నీరు పంచుట, మరమ్మతులు నిర్ణయించుట, తగవులు తీర్చుట వాని పని. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము చెరువులను, కుంటలను ఆక్రమణల నుండి కాపాడు అధికారమును కల్పించెను. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప, 2015 మార్చి 12న, సదాశివనగర్ చెరువు దగ్గర మిషన్ కాకతీయ ఆరంభమయ్యెను. రాష్ట్రమున 46,531 చెరువులు, కుంటలు ఉన్నవని లెక్కించి, విడతలవారీగ వానిని బాగుచేయ సంకల్పించిరి. తీసిన పూడికమట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనిపోయిరి. చెరువునకు బరువైనది చేనికి బలమయ్యెను.

ఇక 2021లో భారత పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టమును చేసెను. పెద్ద ఆనకట్టలను క్రమము తప్పక తనిఖీ చేయవలెననియు, యజమాని యెవరో, బాధ్యత ఎవరిదో స్పష్టముగ నుండవలెననియు దాని సారాంశము. అది 15 మీటర్లకు మించిన ఎత్తుగల కట్టడములకును, 10 నుండి 15 మీటర్ల నడుమ నున్నవానిలో కొన్నిటికిని వర్తించును. మన ఊరి చెరువుకట్టలలో చాలవరకు అంత ఎత్తు లేనివే. అందుచేత ఆ చట్టపు తనిఖీ మన కట్ట దగ్గరకు రాదు. చిన్న కట్టలకు రాష్ట్ర శాఖలు కలవు, సంఘములు కలవు. కాని వాన కురియు రాత్రి అందరికంటె ముందు కట్ట దగ్గరకు చేరగలిగినవారు ఊరివారే.

కావున పెద్దలకు నాలుగు మాటలు మనవి చేసెదను. వానకాలమునకు ముందు ఒక దినము, వాన నిలిచిన పిదప ఒక దినము, ఊరివారు కొందరు కలిసి కట్ట మీద ఈ కొననుండి ఆ కొనవరకు నడువవలెను. ఎచ్చట చెమ్మ యున్నది, ఎచ్చట బొరియ యున్నది, ఎచ్చట కట్ట క్రుంగినది, తూము తలుపు కదలుచున్నదా, వాగు నుండి నీరు వచ్చు కాలువను ఎవరైన దున్ని కలుపుకొనిరా అని చూచి, తేదీతో ఒక పుస్తకమున వ్రాయవలెను. ఇది ఒకటి. అలుగు మట్టము ఊరి గుడి గడపవంటిది. దానిని ఆయకట్టువారు ఎత్తు చేయరాదు, శిఖము భూమి దున్నువారు పల్లము చేయరాదు. ఇది రెండు. మరమ్మతు ఖర్చు పొలము కొలతనుబట్టి పంచుకొనవలెను. చెరువు వలన బోరులో నీరూరువాడును అందు భాగస్థుడే. కట్ట మీద పనిచేయువానికి కూలి ఇయ్యవలెను. ఇది మూడు. ఎగువ చెరువు వారితోను దిగువ చెరువు వారితోను ఏటికొకమారైన కూర్చుండి మాటలాడవలెను. ఇది నాలుగు. ఇవి క్రొత్తగ నేను కనిపెట్టినవి కావు. పోరుమామిళ్ల రాతిలోను, దశబంధపు షరతులలోను, 1883 నాటి కొలతలలోను, మూసీ వరదలోను ఉన్నవానినే మరల చెప్పితిని.

మా ఊరి కథ ముగించెదను. మూడేండ్లకు గండి పూడిన తరువాత, మా తాతగారు మరవ ప్రక్కన రాతిలో ఒక గీత చెక్కించిరి. చెరువు ఈ గీత దాటి నిలువరాదు, నీరుగంటి మాట లేక మరవ మీద గడ్డిపోచ కూడ పెట్టరాదు అని ఊరందరియెదుట చెప్పిరి. కట్ట క్రింద గుడిసెలు వేసికొన్న వారికి మిట్టమీద తమ చేనిలో ఇంటి స్థలములిచ్చిరి. నీరుగంటి తన స్థలము కొలిపించుకొనుచు, "సామీ, ఈ గీత ముందే ఉండి ఉంటే నేను రెండుసార్లు వచ్చి అడిగే పని లేకపోవును" అనెను. తాతగారు బదులు చెప్పలేదు.

ఆ గీత నేటికిని ఉన్నది. మీ ఊరి చెరువునకు అట్టి గీత యున్నదో లేదో రేపు ప్రొద్దున వెళ్లి చూడుడని మాత్రము ప్రార్థించుచు, ఇంతటితో విరమించుచున్నాను.